వగరు పోయేదాకా

అశ్వని కార్తె, మూడో రోజు

గొడ్లసాలలో ఆఖరి దున్న ఇవాళ తెల్లారేసరికి చచ్చిపోయింది. మందుల కోసమని దాని నెత్తురు తీసీ తీసీ అరగదీశారు. దాన్ని సాకే చెంచయ్య తాతకి ఎనభై ఎనిమిదేళ్ళు. దాని పక్కనే కూలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అలాంటి మనిషి దగ్గరికి పోయి తోలు అడిగాను. మొహాన ఉమ్ముతాడేమో అనుకున్నాను.

"తీస్కో సువార్తమ్మా. ఊరికే కుళ్ళిపొయ్యేదానికి, ఎవురికన్నా పనికిరానీ" అన్నాడు.

చేసిన పని చేసినట్టు ఈ పుస్తకంలో రాయాలని కుట్టుశాల నియమం. మన తర్వాత ఈ బల్ల ముందు కూర్చునేవాళ్ళకి పనికొస్తుందని. అందుకని తోలు ఎందుకడిగానో కూడా రాస్తున్నాను. ఎండకి అడ్డంగా ఊరంతటి మీదా కప్పిన గుడ్డ పందిరి పైకెక్కి చిరుగులు కుట్టేవాళ్ళు పనిముట్లు పెట్టుకునే సంచిని ప్లాస్టిక్‌తో అచ్చు మరలో పోస్తారు. మూడుసార్లు పై ఎండ తగిలితే అది అప్పడం అవుతుంది. నిరుడు రోహిణిలో మస్తాను నడుముకున్న సంచి అలాగే విరిగింది. అందులోని సుత్తి పందిరిని చీల్చుకుని మూడో వీధిలో పడింది. సుత్తి ఎవరి నెత్తినా పడలేదు. ఆ చిల్లులోంచి దిగిన ఎండ మాత్రం, మనవాళ్ళు కుట్టేలోపు నలుగురిని తీసుకుపోయింది. ఇనప డబ్బా కట్టుకుంటే నడుం కాలుతుంది. గుడ్డ సంచిలో దబ్బనం నిలవదు. ఇక మిగిలింది తోలు పొదే.

పైకెక్కేవాళ్ళు మొత్తం ఆరుగురు. అందులో ఒకడు మా తమ్ముడు యోబు. నాకు వాడు తప్ప ఎవరూ లేరు.

అశ్వని, నాలుగు

తోలు రెండు ముక్కలు చేశాను. ఒక సగానికి ఉప్పు పట్టించి చుట్టి అటక మీద పెట్టాను. రెండో సగం సున్నపు నీళ్ళలో వేశాను, వెంట్రుకలు ఊడడానికి. కంపు గురించి చెప్పనక్కర్లేదు. వీధి వీధంతా ముక్కులు మూసుకుంది. ఎదురింటామె అయితే ముక్కుతో పాటు తలుపు కూడా మూసింది.

పూర్వం మా వాళ్ళు ఈ పనే చేసేవాళ్ళు. ఈ కంపుందనే మమ్మల్ని ఊరి చివర పెట్టారట. పందిరి కింద ఊరికి చివర లేదు కాబట్టి ఇప్పుడు అందరూ పీల్చాల్సిందే. మా నాన్న ఈ పని పేరెత్తితే తల దించుకునేవాడు. మా అమ్మమ్మ మార్తమ్మ దించుకోలేదు. చనిపోయే ముందు తన గొంతుతో పని పద్ధతి చెప్పి రికార్డు చేసి దాచిపెట్టింది. నాలుగు నిమిషాలుంటుంది. చిన్నప్పటి నుంచీ జోలపాటలాగా విని నాకు కంఠతా వచ్చేసింది:

"తంగేడు చెక్క దంచి లందలో పొయ్యి. తోలు అందులో ముంచు. వగరు పొయ్యేదాకా ఉంచు. వగరు పోతే ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు, కొత్త చెక్క. అట్టా ఏడు నీళ్ళు మార్చాల. తొందరపడితే అది తోలు గాదు, బిడ్డా."

చెక్క అంటే చెట్టు బెరడు, లంద అంటే తోలు నానేసే గుంట. మా ఇంట్లో గుంట లేదు గానీ, నీళ్ళ తొట్టి ఉంది.

అశ్వని, పదకొండు

వెంట్రుకలు ఊడాయి. రెండు రోజులు గీకాను. వీపు విరిగింది. యోబు పని దిగి ఇటే వచ్చాడు, గుమ్మం పట్టుకుని రొప్పుతూ. ఏడో రాట ఎలా ఉందిరా అంటే చెయ్యెత్తి ఆగమన్నాడు.

"వగరు తగ్గనీ అక్కా, చెప్తా."

పైకెక్కేవాళ్ళ మాట అది. వగరుస్తూ దిగుతారు కాబట్టి ఆయాసాన్ని వగరంటారు. తగ్గాక చెప్పాడు. ఏడో రాట నెత్తిన తాళ్ళు జారుతున్నాయట. రోహిణి గాలి వచ్చేలోపు విప్పి మళ్ళీ కుట్టి బిగించకపోతే ఆ మూల పందిరి లేచిపోతుందట. దాని కింద నాలుగో వీధి ఉంది, రెండు వందల గడప.

"రుక్మాంగదం గారు కృత్తిక దాటకుండా ఎక్కమంటుండాడు" అన్నాడు.

రుక్మాంగదం మా కుట్టుశాల పెద్ద. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పి మరీ భయపెడతాడు. నేను రోలు చూడలేదు, ఆయనా చూడలేదు. రోహిణిని మాత్రం ఇద్దరం చూశాం.

"అచ్చు సంచితో ఎక్కనియ్యను నిన్ను. నా పొది అయినాకే ఎక్కాల" అన్నాను.

"మంగలి పొదా?"

"నోర్ముయ్. అమ్ములపొది అనుకో, గొప్పగా ఉంటుంది."

"అమ్ములు లేవు గదక్కా, ఉండేదంతా ఒక సుత్తి, రెండు దబ్బనాలు" అని నవ్వి నా ముద్ద కూడా వాడే తిని పోయాడు. పోనీ, దానికేం రుచా పచా. పొద్దున ముద్ద, సాయంత్రం ముద్ద. ఉప్పు కొంచెం ఎక్కువ పడితే ఆ రోజు పండగ. చేదు, పులుపు లాంటి మాటలు మాకు తిట్టుకోవడానికే మిగిలాయి.

భరణి కార్తె, మొదటి రోజు

తంగేడు ఒక్కటే మొండిది. పందిరి అంచున, నీడా ఎండా కలిసే చోట ఇంకా బతుకుతోంది. నాలుగు రోజులు పోయి చెక్క కొట్టుకొచ్చాను. నీళ్ళకి నా స్నానపు వంతు, యోబు స్నానపు వంతు కలిపాం. మా ఇద్దరి కంపుతో పోలిస్తే తోలు కంపే నయమని మస్తాను అంటున్నాడట.

మొదటి నీళ్ళు పోశాను. తోలు ముంచగానే నీళ్ళలోంచి బుడగలు, ఒకటే బుడగలు. పరుగెత్తుకొచ్చినవాడు వగర్చినట్టు తొట్టి వగరుస్తోంది. మా అమ్మమ్మ మాట అప్పుడు నాకు సరిగ్గా అర్థమైంది. తొట్టి పక్కనే కూర్చుని, ఎంత చక్కగా చెప్పిందీ ముసలిది అని మురిసిపోయాను.

భరణి, రెండు

సాయంత్రానికి బుడగలు ఆగిపోయాయి. వగరు పోయింది. నీళ్ళు పారబోసి రెండో నీళ్ళు పోశాను. ఒక నీళ్ళకి ఒకటిన్నర రోజు. ఈ లెక్కన కృత్తికకి ముందే ఏడు నీళ్ళూ అయిపోతాయి. ఇంత తేలికని తెలిస్తే నిరుడే చేసేదాన్ని.

భరణి, పన్నెండు

ఏడో నీళ్ళూ అయ్యాయి. తోలు తీశాను. పైన మంచి ఎర్రమట్టి రంగు. ఆఖరి నీళ్ళు పారబొయ్యలేదు, తొట్టిలోనే ఉంచాను. ఇంకేదన్నా పనికొస్తాయేమో, నీళ్ళు నీళ్ళే కదా.

నీడన ఆరేసి ఆముదం పట్టించాను. చేతులు తోలు రంగుకి తిరిగాయి. నాలుగుసార్లు కడుక్కున్నా పోలేదు. కడుక్కోవడం మానేశాను. మా నాన్న ఉంటే ఈ చేతులు చూసి ఏమనేవాడో. నాకు మాత్రం అవి నచ్చాయి.

కృత్తిక కార్తె, నాలుగో రోజు

కొలత తీశాను. టేపుతో కాదు. పొది ఎవరి నడుముకి కడతామో వాళ్ళ చేత్తోనే కొలవాలని అమ్మమ్మ చెప్పింది. యోబు జానెడు వెడల్పు, జానా బెత్తెడు పొడుగు. వాడి చెయ్యి తోలు మీద ఆన్చి సుద్దతో చుట్టూ గీసుకున్నాను. చిన్నప్పుడు పలక మీద ఇలాగే వాడి చెయ్యి పెట్టించి గీసేదాన్ని, ఏడవకుండా ఉంటాడని.

కోస్తుంటే వాడు వంగి చూశాడు. "మధ్యలో ఈ తెల్ల గీతేందక్కా?"

నిజమే. కోసిన అంచు మీద అటూ ఇటూ ఎరుపు, నడిమధ్యన దారం మందాన తెల్లటి చార.

"ఉల్లిపాయకి పొరలుండవా? ఇదీ అంతే" అన్నాను. ఉల్లిపాయ బొమ్మల్లో చూసిందే. అయినా ఏ మాత్రం తడబడకుండా చెప్పాను.

కృత్తిక, ఆరు

కుట్టు. ఆరెతో చిల్లి పొడవడం, రెండు సూదులు ఎదురెదురుగా దూర్చడం, బిగించడం. దారానికి మైనం. మొత్తం నూట పన్నెండు చిల్లులు. ఐదు అరలు: సుత్తికి, కత్తెరకి, పట్టకారుకి, దబ్బనాలకి, మైనపు ఉండకి. పైన మూత, మూతకి తోలు వారు.

తర్వాత తోలు తడిపి, పనిముట్లు అరల్లో దోపి, అలాగే ఆరనిచ్చాను. ఆరాక ఏ అర ఆ పనిముట్టు ఆకారానికి వచ్చింది. సుత్తి తీసేసినా సుత్తి ఉన్నట్టే ఉంటుంది అర. అది చూసి నా మీద నాకే ముచ్చటేసింది. ఇరవై ఏళ్ళుగా పందిరి గుడ్డ కుడుతున్నాను. అది నాది అని ఎప్పుడూ అనిపించలేదు.

కృత్తిక, తొమ్మిది

పొదిలో ఆరు కిలోల రాళ్ళు పోసి దూలానికి ఒక పగలంతా వేలాడదీశాను. ఒక్క కుట్టు సడలలేదు. రుక్మాంగదం వచ్చి గుంజి చూశాడు. "సువార్తమ్మగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ" అన్నాడు. ఇరవై ఏళ్ళలో నన్ను గారూ అనడం ఇదే మొదలు.

యోబు కట్టుకుని వీధి చివరిదాకా నడిచొచ్చాడు, కొత్త పెళ్ళికొడుకులాగా. ఎదురింటామె తలుపు తీసి చూసింది. "ఈ పూట ముక్కు మూసుకోవా వదినా?" అని అడిగాడు. ఆమె నవ్వింది.

అందరూ చూశారు. అందరూ బరువే చూశారు. వేడి సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పై మూడు మాటలూ ఆ రోజు రాసినవి కావు. తర్వాత కలిపాను.

కృత్తిక, పదకొండు

తెల్లవారుజామున యోబు, మస్తాను ఏడో రాట ఎక్కారు. తొమ్మిదింటికల్లా దిగాలి. పదకొండున్నరకి మస్తాను ఒక్కడే దిగాడు.

ఇవాళ ఇంకేం రాయలేను.

కృత్తిక, పదమూడు

మస్తాను చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"తాళ్ళు బిగించేసినాం అక్కా. కుట్టు కూడా అయిపొయ్యింది. అనుకున్నదానికంటే పొద్దుపొయ్యింది. ఎండ మీదికొచ్చేసింది. ఇద్దరం చెమటకి తడిసి ముద్దయినాం. యోబన్న పొది కూడా తడిసింది. దిగేదానికి నడుం తాడు కొక్కెం ఒక కడియం నుంచి తీసి ఇంకో కడియానికి మారుస్తుండాడు. అప్పుడే ఆ పొది, ఎట్టా చెప్పేది, చేత్తో పిండినట్టు ముడుచుకపొయ్యింది. మూత వెనక్కి తిరగబడింది. సుత్తి బయటికొచ్చేసింది. కింద నాలుగో వీధి గదా. పిలకాయలు నీళ్ళకి లైన్లో ఉండారు. యోబన్న రెండు చేతులూ చాపినాడు."

"కొక్కెం?"

"అప్పటికి తగిలించలేదక్కా."

రాట పక్కన పైకెక్కే సందులోంచి జారి, రాట మొదట్లో ఉన్న అరుగు మీద పడ్డాడు. సుత్తి మాత్రం కింద పడలేదు. వాడి వేళ్ళు విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

నిన్న పూడ్చాం. నలభై ఒక్కేళ్ళ మనిషి. వాడి కాళ్ళు గుడ్డ పొట్టిదై బయటికి వచ్చాయి. చిన్నప్పటి నుంచీ వాడికి దుప్పటి చాలేది కాదు.

రోహిణి కార్తె, రెండో రోజు

పొది తెచ్చి ఇచ్చారు. జానెడు వెడల్పున కోసింది బెత్తెడయింది. గట్టిగా, కొమ్ములా అయిపోయింది. సుత్తి అర ఇప్పుడు ఏ పనిముట్టు ఆకారంలోనూ లేదు. కుట్లు మాత్రం నూట పన్నెండూ అలాగే ఉన్నాయి. ఒక్కటైనా తెగి ఉంటే, తప్పు దారానిదని చెప్పుకునేదాన్ని.

చెంచయ్య తాత పలకరించడానికి వచ్చాడు, కర్ర పోటేసుకుంటూ. పొది ఒళ్ళో పెట్టుకుని తడిమాడు. కోసిన అంచు వెలుతురుకి పెట్టి చూశాడు.

"లోపల పచ్చిగానే ఉండాదే ఇది. పచ్చితోలుకి చెమటా వేడీ తగిలితే ముడుచుకుంటది. చెక్క నీళ్ళు నడిమిదాకా పట్టలా. ఎన్నాళ్ళు నానేసినావు?"

"పదకొండు రోజులు. ఏడు నీళ్ళు. వగరు పొయ్యేదాకా ఉంచమంది అమ్మమ్మ. ఉంచినా తాతా. బుడగలు ఆగేదాకా ఉంచినా."

ఆయనకి అర్థం కాలేదు. "బుడగలేంది?"

"అదే, వగరు. ఆయాసం."

చెంచయ్య తాత తడమడం ఆపి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"వగరంటే ఆయాసం గాదమ్మా. వగరంటే రుచి."

ఆయన పొది తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నా చిన్నతనాన ఉగాది పచ్చట్లో మామిడి పిందెలు కొట్టి ఏసేవోళ్ళు. పచ్చి అరటికాయ కొరికితే నాలుక మొద్దుబారి, నోరంతా దగ్గరికి పట్టేసేది. అది వగరు. చెక్క నీళ్ళలో ఉండేదీ అదే. తోలు దాన్ని తాగేస్తది. నాలిక్కి ఇంక వగరు తెలీడంలేదంటే తోలు అంతా తాగేసిందని. అప్పుడు నీళ్ళు మార్చాల. దానికి ఇరవై దినాలు పడ్తదో, నెల పడ్తదో. నన్నొక్క మాట అడగకపోతివే తల్లీ."

అడగలేదు. తెలియనిదైతే అడిగేదాన్ని. నాకు తెలుసనుకున్న మాట కదా. రోజూ మా తమ్ముడి నోట వింటున్న మాట.

ఆయన పోయాక తొట్టి దగ్గరికి వెళ్ళాను. ఏడో నీళ్ళు అలాగే ఉన్నాయి, పైన తెట్టు కట్టి. తెట్టు పక్కకి తోసి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నోరు బిగుసుకుపోయింది. నాలుకని ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు. యాభై మూడేళ్ళు బతికాను, ఇలాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఆ నీళ్ళలోని వగరు పదోవంతు కూడా ఖర్చు కాలేదు. ఇలాంటివే ఆరు తొట్లు పారబోశాను. యోబు స్నానం మానుకుని ఇచ్చిన నీళ్ళు.

తొట్టి అంచు పట్టుకుని ఏడ్చాను. వాడు పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు.

రోహిణి, మూడు

రుక్మాంగదం వచ్చాడు, పని పుస్తకం చూస్తానని. వగరు సంగతి చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఇదంతా ఎందుకండీ? పై ఎండకి జరిగిన ప్రమాదమని ఒక ముక్క రాయండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. యోబు చేసిన పనికి ఊరంతా దణ్ణం పెడుతోంది."

"నన్నెవురూ అనరని రాయమంటావా? నా తర్వాత వచ్చేది ఇది చదివి బుడగలు లెక్కపెట్టుకుంటా కూర్చోవాల్నా?"

ఇరవై ఏళ్ళలో నేనూ ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదలు. ఆయన కోపపడలేదు, పుస్తకం మూసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. వగరు అంటే బుడగలు కాదు. వగరు నాలుకకి తెలుస్తుంది. నీళ్ళు ముంచి నాకి చూడాలి. తోలు అంచు కోసి చూడాలి; మధ్యలో తెల్ల చార కనిపిస్తే అది ఉల్లిపొర కాదు, పచ్చి. ఆ తోలు ఎవరికీ కట్టొద్దు. ఈ సంగతి తెలియక సువార్తమ్మ అనే నేను మా తమ్ముడు యోబుని పోగొట్టుకున్నాను.

అటక మీది సగం తోలు దించి సున్నంలో వేశాను. ఎదురింటామె రెండు బిందెలు తెచ్చి గుమ్మంలో పెట్టింది. వాళ్ళ ఇంటి స్నానపు నీళ్ళు. తలుపు మూసుకోలేదు.

రోహిణి, పదకొండు

మొదటి నీళ్ళు పోశాను. బుడగలు వచ్చాయి. నేను చూడలేదు, అటు తిరిగి కూర్చున్నాను.

గాలి వచ్చింది. ఏడో రాట కదల్లేదు. యోబు వేసిన ముళ్ళు అవి.

మృగశిర కార్తె, ఆరో రోజు

పదో రోజు. వగరు ఉంది.

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయని ఇంకో సామెత చెబుతాడు రుక్మాంగదం. ఏ ముంగిలీ చల్లబడలేదు.

మృగశిర, పన్నెండు

పదహారో రోజు. వగరు ఉంది.

మస్తాను వచ్చాడు. వచ్చే నెల రెండో రాట ఎక్కాలట. "అప్పటికి పొది అయిద్దా అక్కా?" అని అడిగాడు. అవ్వదన్నాను. ఏడు నీళ్ళంటే ఇంకా ఐదారు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా అచ్చు సంచితోనే, రెండుసార్లు ఎక్కగానే పారేసి కొత్తది కట్టుకొమ్మన్నాను.

వాడి వేలు పట్టుకుని తొట్టిలో ముంచి నాకించాను. మొహం చిట్లించి, ఉమ్మి, "థూ, ఇదేందక్కా!" అన్నాడు.

"గుర్తు పెట్టుకో" అన్నాను. ఊళ్ళో ఇప్పుడు ముగ్గురికి తెలుసు.

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

ఇరవై రెండో రోజు. పొద్దున్నే వేలు ముంచి నాకాను. తగ్గింది గానీ ఉంది. చేతులు నీళ్ళు మార్చమంటున్నాయి, బిందెలు కూడా సిద్ధంగా ఉన్నాయి. మార్చలేదు. మూత పెట్టి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను, వాడు పట్టుకుని నిలబడే చోట.

వగరు తగ్గనీ అక్కా, అనేవాడు.

తగ్గనిస్తుండానురా.